గండకుడు రుచి చూసిన మట్టి

పూర్వం, నదులు ఇంకా తమ దారులు వెతుక్కుంటున్న కాలంలో, తూర్పు సముద్రతీరాన వేలాపురాన్ని ధరణీధృతి అనే రాజు పాలించేవాడు. ధర్మపరుడైన ఆ రాజు ఏలుబడిలోనే దేశంలో ఇనుము నిండుకుంది. కర్రనాగళ్ళు గట్టినేలను చీల్చలేక విరిగాయి. మూడేళ్ళు పంట లేదు.

అప్పుడు గండకుడనే జాలరి లోతునీటిలో వేసిన వలకు చేమదుంపలంత నల్లరాళ్ళు రెండు చిక్కాయి. కమ్మరి ఒకదాన్ని కరిగిస్తే ఇనుమూ రాగీ రెండూ వచ్చాయి. రాజు వెంటనే పురోహితుడైన ఊర్మిమునిని, గండకుణ్ణి వెంటబెట్టుకొని, తొమ్మిది పగళ్ళు ఓడ నడిపించి, రాళ్ళు దొరికిన చోటికి చేరి, అడుగునున్న రాళ్ళను గీకి తీసే కొక్కేలు దింపబోయాడు.

నీరు రెండుగా చీలింది. మకరవాహనుడు, పాశహస్తుడు, పశ్చిమదిక్పాలకుడు అయిన వరుణుడు పైకి వచ్చాడు.

"రాజా, నా ఇంట్లో నీకేం పని?"

"జలాధీశా, నా తీరాన్ని ఆనుకొని ఉన్నది నాది కాదా?" అన్నాడు రాజు చేతులు జోడించి.

"నీ నది తన మట్టిని ఎంతమేర పరిచిందో అంతమేర నీ నేలే. పైన నీళ్ళున్నా సరే, అది నీదే. ఆ మట్టి ఆగిన చోటినుంచి నాది. ఇక్కడున్నది ఎవరి మట్టో నీ మనిషినే చెప్పమను."

గండకుడికి ఒక విద్య ఉంది. ఒడ్డు కనబడని చోట బరువుగుండుకు కొవ్వు పూసి నీళ్ళలోకి దించి, దానికి అంటి వచ్చిన మట్టిని నాలుకమీద వేసుకొని పడవ ఎక్కడుందో చెప్పేవాడు. ఎన్నడూ తప్పలేదు. ఓడలో ఉన్న తాళ్ళన్నీ ముడివేసి గుండు దించారు. అది అడుగు తాకి తిరిగి వచ్చేసరికి పొద్దు వాలింది.

రాజు అతని చెవిలో మెల్లగా అన్నాడు. "గండకా, మనదేనని ఒక్క మాట చెప్పు. ఊరంతా బతుకుతుంది."

ఆ మాట చెప్పడం గండకుడికి కష్టం కాదు. ఏడేళ్ళ కిందట వల ఆరవేస్తున్న అతని భార్య పొన్నిని ఒక్క అల లాక్కుపోయింది. కాల్చుకోవడానికి ఒళ్ళు కూడా తిరిగి రాలేదు. ఆనాటినుంచి అతను సముద్రానికి దండం పెట్టలేదు. ఇప్పుడు ఒక్క అబద్ధంతో వరుణుడి ఇల్లు దోచవచ్చు.

మట్టి నాలుకమీద వేసుకున్నాడు. ఉమ్మాడు. మళ్ళీ వేసుకున్నాడు.

"మనది కాదు మారాజా."

"ఇంకోసారి చూడు."

"నూరుసార్లు సూసినా అంతే. మన ఏటిమట్టిలో కుళ్ళిన వరిగడ్డి వాసనుంటాది. ఇది ఏ ఊరోళ్ళూ తొక్కని మట్టి."

"పిల్లలు పస్తులున్నారురా."

"నాకు తెల్దా? ఉన్నారని మట్టి మారదు గదా."

రాజు తలవంచుకొని కొక్కేలు పక్కన పెట్టించాడు. వరుణుడు ప్రసన్నుడై, "సత్యసంధా, వరం కోరుకో" అన్నాడు.

"నీకోసం సెప్పలేదు. మట్టి అలాగుంది, అలాగే సెప్పాను. పొన్నిని మింగినోడివి. నిన్ను నేనేటీ అడగను."

ఊర్మిముని కంగారుపడి అతని భుజం పట్టుకున్నాడు. గండకుడు విదిలించుకున్నాడు. కాని అతని చూపు తాను ఆనవాలుకు వెంట తెచ్చి చేత పట్టుకున్న రెండో నల్లరాయిమీద పడి అక్కడే నిలిచిపోయింది. "ఇది ఎలాగ పెరిగింది?" అన్నాడు.

వరుణుడు రాతిని వేలితో చీల్చి చూపాడు. లోపల సొరచేప పన్ను ఒకటి, దాని చుట్టూ ఉల్లిపొరల్లా పొరలు. "ఒక్కొక్క పొరకు ఒక్కొక్క యుగం పట్టింది" అన్నాడు. గండకుడు గోటితో పొరలు తడుముతూ, పక్కన రాజున్నాడని, ఎదుట దేవుడున్నాడని మరచిపోయాడు.

"మరి మన మట్టి ఉన్న కాడ ఏటుంది?"

వరుణుడు నవ్వాడు. "అది అడిగినవాడివి నువ్వొక్కడివే. మీ కొండల్లో అరిగిన ఇనుమును మీ నదే మోసుకొచ్చి, మీ గుమ్మంలో పోసి, పైన మట్టి కప్పింది. మీరు దూరాన వెతికారు. ఇకనుంచి నా అలలు దాన్ని చెరిగి మీ ఒడ్డున పోస్తాయి."

వారు తిరిగి వచ్చేసరికి అలలు తెల్ల ఇసుకను చేటలో పొట్టులా ఒకవైపుకు తోసి, ఇనుపరజను నిండిన బరువైన నల్ల ఇసుకను తీరం పొడవునా చారలుగా తీర్చాయి. కమ్మరికొలుములు రాజుకున్నాయి. ఆ ఏడే నాగళ్ళు నేల దిగాయి, వానలు పడ్డాయి, గాదెలు నిండాయి. ధరణీధృతి తన ఏటిమట్టి దాటి ఏ ఓడా కొక్కెం దింపరాదని శాసనం చేసి చిరకాలం రాజ్యమేలాడు.

ఈ కథ విన్నవారి చేలు పండుతాయని పెద్దలు చెబుతారు. పక్కవాడి గట్టు జరిపి వచ్చి విన్నవారికి మాత్రం ఈ ఫలం లేదు.