కుండ జరిపిన చౌడమ్మ

అనగనగా కొండ కింద ఒక నేతగాళ్ళ ఊరు. ఏ వీధిలోకి పోయినా మగ్గాల చప్పుడే. ఆ ఊళ్ళో రామలింగం అని ఒక నేతగాడు, అతని పెళ్ళాం చౌడమ్మ. ఇది ఆ చౌడమ్మ కథ కన్నా. కాళ్ళు దుప్పట్లో పెట్టుకుని విను.

గుంట మగ్గం నువ్వు చూడలేదు కదూ? నేలలో గుంట తవ్వుతారు. నేతగాడు గట్టు మీద కూర్చుని, కాళ్ళు గుంటలోకి దించి, కింద కర్రలు తొక్కుతూ పైన నాడె విసురుతాడు. అటొకసారి, ఇటొకసారి. నాడె కడుపులో నూలు చుట్టిన కండె ఉంటుంది. అది అయిపోతే ఇంకో కండె పెట్టుకోవాలి. మా మేనత్త వాళ్ళ గుంటలో ఒకసారి పిల్లి ఈనింది. పాపం, పిల్లలు కళ్ళు తెరిచేదాకా మగ్గమే ఆపేశారు. సరే, మనకిప్పుడు పిల్లి సంగతి కాదు కదా.

ఆ ఊళ్ళో ఒక ఆనవాయితీ ఉంది. ఏటా జాతరకి ఒక ఇంటివాళ్ళు అమ్మవారికి చీర నేయాలి. నేసినవాడే ఆ చీర రెండు చేతుల మీదా పెట్టుకుని కొండెక్కాలి. కర్ర పట్టకూడదు. ఎవరి భుజమూ పట్టకూడదు. ఎక్కలేకపోతే చీర పక్కింటివాళ్ళ చేతికి పోతుంది. మళ్ళీ వంతు రావాలంటే ఊరంతా తిరిగి రావాలి. అప్పటికి ఎవరుంటారో, ఎవరుండరో.

ఆ ఏడు వంతు రామలింగానిది. పసివాడిగా ఉన్నప్పటి నుంచీ అతను ఆ రోజు కోసమే చూస్తున్నాడు.

అప్పుడు అతనేం చేశాడు? ఒక్క క్షణం కూడా పోకూడదని అన్నీ చేతికందేలా పెట్టుకున్నాడు. ఎడమపక్క నీళ్ళకుండ. కుడిపక్క కండెల బుట్ట. అన్నం కూడా గట్టు మీదికే. ఒక చేత్తో ముద్ద, ఒక చేత్తో నాడె. లేచి పెరట్లోకి పోవాల్సొస్తుందని నీళ్ళు గుక్కెడే తాగేవాడు. "కూర్చుంటే రామలింగంలా కూర్చోవాలి" అని ఊరంతా మెచ్చుకునేది. అతను మురిసిపోయేవాడు.

చీర సగానికొచ్చిన సాయంత్రం రామలింగం లేవబోయాడు. మోకాళ్ళు విచ్చుకోలేదు.

"చౌడీ! ఇలా రావే! ఈ కాళ్ళు నా మాట వినట్లేదు" అని కేకేశాడు. చౌడమ్మ చంకల కింద చేతులేసి పైకి లాగింది.

ఆ తర్వాత వైద్యుడొచ్చి తైలమిచ్చాడు. రామలింగం రాసుకున్నాడు, మళ్ళీ గుంటలో కూర్చున్నాడు. ఆ తర్వాత కట్లు కట్టే ఆయనొచ్చాడు. కట్టు కట్టించుకుని మళ్ళీ గుంటలో కూర్చున్నాడు. ఆ తర్వాత ఎవరో తాయెత్తు తెచ్చారు. అదీ కట్టుకుని మళ్ళీ గుంటలోనే కూర్చున్నాడు.

పక్కింటి వీరభద్రం గుమ్మంలో నిలబడి నవ్వాడు. "బావా, నేత నువ్వు చూసుకో, కొండ నేను చూసుకుంటా!" సరదాకే అన్నాడు. రామలింగం ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే చౌడమ్మ వీధిలో పడుగు చాచి గంజి పెడుతోంది. పడుగంటే చీరకి నిలువునా పోయే దారాలు. గంజి పెట్టాక ఆరేదాకా వాటిని కుంచెతో దువ్వుతూనే ఉండాలి. వదిలేస్తే పోగూ పోగూ అతుక్కుని కట్టెలా బిగుసుకుపోతాయి. దువ్వుతూ దువ్వుతూ ఆమె అనుకుంది, 'మా ఇంటాయనకీ ఇదే అయింది. కదలక బిగుసుకున్నాడు.'

ఎంత చురుకైన మనిషో చూడు! పోయి మొగుడికి పాఠం చెప్పలేదు. చెబితే వినడని తెలుసు. పని ముగించి, చేతులు కడుక్కుని, నీళ్ళకుండ తీసుకెళ్ళి పెరటి చివర పెట్టింది.

"కుండేదే?" అన్నాడు రామలింగం.

"పెరట్లోకి పోయింది."

"నడిచి పోయిందా?"

"అదైనా నయం, కాస్త కదిలింది మావా."

గొణుక్కుంటూ, గోడ పట్టుకుంటూ పోయాడు. అంతదూరం పోయాక గుక్కెడేం తాగుతాడు? చెంబెడు తాగాడు. వీపుకి పొద్దుటి ఎండ తగిలింది. బాగుంది గానీ, బాగుందని అనలేదు.

ఆ తర్వాత చౌడమ్మ కండెల బుట్ట తీసుకెళ్ళి ఎదురింటి సూరమ్మత్తకిచ్చింది. రామలింగం కర్ర ఊనుకుంటూ వీధి దాటాడు.

"రెండివ్వు అత్తా, నీకు పుణ్యముంటుంది."

"నా పుణ్యం నాకు చాలు. నీకు ఒకటే."

ఆ తర్వాత అన్నం గట్టు మీదికి రావడం మానేసింది. వంటింట్లో పీట వేసింది చౌడమ్మ. అప్పుడు మాత్రం అతనికి నిజంగా కోపమొచ్చింది.

"అమ్మవారి చీర ఆలస్యమైతే ఆ పాపం నీదేనే!"

"పాపం నేను మోస్తాలే మావా. చీర నువ్వు మొయ్యాలిగా?"

రామలింగం నాడె పక్కన పెట్టాడు. మెల్లగా లేచి వంటింట్లోకి పోయాడు. పీట మీద కూర్చుని, ముద్ద ముద్దా నమిలి తిన్నాడు.

అలా రోజులు గడిచాయి. పొద్దున లేవగానే వైద్యుడిచ్చిన ఆ తైలంతోనే చౌడమ్మ మోకాళ్ళు మర్దనా చేసేది. అతను కాళ్ళు ముడిచి చాచేవాడు. ఆ పైన వేడినీళ్ళు. సాయంత్రం పొద్దుండగానే అన్నం, పెందరాళే నిద్ర. ఇంతే కన్నా, ఇందులో మంత్రమేమీ లేదు. రోజూ చేయడమే ఉంది. ఒకనాడు సూరమ్మత్త కర్ర పట్టుకొచ్చి, "ఒరే రామలింగం, నీ మూడో కాలు మా ఇంట్లో మర్చిపోయావు!" అంది. చీర ఆలస్యం కానేలేదు. మోకాళ్ళ నొప్పి పోయేసరికి చెయ్యి చురుగ్గా ఆడింది. జాతర ఇంకా రాకముందే చీర మగ్గం దిగింది.

జాతర రోజు రామలింగం ఎర్రచీర చేతుల మీద పెట్టుకుని కొండ మొదట్లో నిలబడ్డాడు. చౌడమ్మ కిందే ఆగిపోయింది.

"రావేం?"

"నేను పక్కనుంటే నీ చెయ్యి నా భుజం వెతుక్కుంటుంది. నువ్వెళ్ళు."

కింద నుంచే చూస్తూ నిలబడింది. ఎర్రచీర ఎక్కుతోంది. ఒక బండ దగ్గర ఆగింది, మళ్ళీ కదిలింది. మలుపు దగ్గర ఆగింది. వెంట ఎక్కుతున్న వీరభద్రం చీర కోసం చేతులు చాచాడు. రామలింగం తల అడ్డంగా ఊపాడు. చీర మళ్ళీ కదిలింది. ఆ తర్వాత రాళ్ళ చాటుకి పోయి ఇక కనపడలేదు. ఎంతసేపు చూసినా కనపడలేదు. చౌడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు పైన డప్పులు మోగాయి.

ఆమె కళ్ళు తుడుచుకుని చూసేసరికి, మెడలో దండతో రామలింగం ఒక్కడే గబగబా దిగి వస్తున్నాడు.

"ఇదేంటి మావా? పైన నిన్ను కూర్చోబెట్టి మర్యాద చేస్తారు కదా!"

"చేశారు. కూర్చోబుద్ధి కాలేదు." చెయ్యి చాచాడు. "చీర అమ్మవారికిచ్చేశాను. ఇప్పుడు చేతులు ఖాళీయే. పట్టుకో, నీతో ఇంకోసారి ఎక్కుతాను."

కథ నడిచి నడిచి కంచికి,
కునుకు నడిచి నడిచి కంటికి,
చెయ్యీ చెయ్యీ పట్టుకుని
మనం నడిచి నడిచి ఇంటికి!