ఒంటికాలి బడి

అనగనగా ఒక అడవి. ఆ అడవి అంచున ఏనుగమ్మ నడిపే పెద్ద సత్రం. అక్కడ దిగే అతిథులకి ఇంగ్లీషు తప్ప మరో ముక్క రాదు. అందుకని సత్రంలో పని కావాలంటే, దాని పెరట్లో కొంగ మాస్టారు పెట్టిన బళ్లో ఇంగ్లీషు నేర్చుకోవాల్సిందే.

ఈ మాస్టారికి ఒక పిచ్చి ఉందర్రా! తాను ఒంటికాలి మీద నిలబడి, కళ్లు మూసుకుని, వల్లెవేసి నేర్చుకున్నాడట. కాబట్టి అందరూ అలాగే నేర్చుకోవాలట! ఎలుగుబంటి నల్లమ్మ వల్ల అయ్యే పనేనా అది?

నల్లమ్మకి ఇద్దరు పిల్లలు. ఆ ఏడు తేనెపట్లు లేవు. పని దొరక్కపోతే పస్తులే.

మొదటిరోజు ఒంటికాలి మీద నిలబడబోయి పడింది. "మొద్దు!" అన్నాడు మాస్టారు. రెండోరోజూ పడింది. "మళ్లీ పడితే, మొన్న బడి పట్టీలోంచి ఉడుత పేరు కొట్టేసినట్టే నీ పేరూ కొట్టేస్తా!" అన్నాడు.

నల్లమ్మ ఇంటికెళ్లి నీళ్లకుండ ఎత్తింది. ఎత్తుతూ ఒక ఇంగ్లీషు మాట, దించుతూ ఒక మాట, పక్కకి జరుగుతూ ఒక మాట అంది. అన్నీ ఇట్టే పట్టుబడ్డాయి! మర్నాడు సంబరంగా ఆ సంగతి చెప్పింది.

"ఇది చదువా, చాకిరా? నోర్మూసుకుని కాలెత్తు!" అని కసిరాడు మాస్టారు.

నల్లమ్మకి ఒళ్లు మండిపోయింది. పళ్లు కొరుకుతూ కాలెత్తింది. దభీమని పడింది. మాస్టారు పేరు కొట్టేశాడు.

అంతలో సలసల కాగే నీళ్ల గంగాళం మోసుకుంటూ ఏనుగమ్మ అటుగా వచ్చింది. కాలు జారింది. "హాట్ వాటర్! మూవ్!" అని సత్రం అలవాటు కొద్దీ ఇంగ్లీషులోనే అరిచింది.

బడిలో అందరూ కళ్లు మూసుకునే, "హాట్ వాటర్! మూవ్!" అని చక్కగా వల్లించారు. మాస్టారు మురిసిపోయాడు. ఒక్కరు కదిలితే ఒట్టు!

నల్లమ్మ ఒక్క దూకు దూకి అందరినీ పక్కకి తోసేసింది. మాస్టారిని లాగేలోపే ఆయన కాలు కాలనే కాలింది.

"నల్లమ్మా, రేపే పనిలో చేరు" అంది ఏనుగమ్మ.

"చేరతానమ్మా. ముందు ఈయన్ని ఒక మాట అడగాలి" అని నల్లమ్మ కొంగ వైపు తిరిగింది. "మాస్టారూ, నేను మొద్దునా? నాకు పని చేస్తేనే మాట వస్తుంది. ఉడుతకి గెంతుతూ ఉంటేనే వచ్చేది. ఎలా వస్తుందని ఒక్కనాడైనా అడిగారా? నా పేరంటే మళ్లీ రాస్తారు. సిగ్గుతో అడవి వదిలిపోయిన ఆ ఉడుతని ఎక్కణ్ణుంచి తెస్తారు?"

ఉడుత మళ్లీ రాలేదు.

నీతి: శిష్యుడికి చదువు ఏ దారిలో వస్తుందో అడగని గురువుకి, శిష్యుణ్ణి మొద్దు అనే హక్కు లేదు.