సింహముద్ర వేసిన పులిహోర

తుంగగిరి అనే ఒకానొక రాజ్యాన్ని వీరధ్వజుడు ఏలుతుండేవాడు. ఆయనకు తన సింహముద్ర అంటే మహా ప్రీతి. గొడుగుల మీద, గుమ్మాల మీద, ఆఖరికి ఏనుగుల మెడలోని గంటల మీద కూడా అది ఉండవలసిందే.

ఒకనాడు సరిహద్దు కోటలోని సైనికులకు పులిహోర అరటాకు పొట్లాల్లో వెళ్తుండగా రాజు చూశాడు. తన సైన్యం ఆకుల్లో తినడమేమిటని చిన్నబుచ్చుకున్నాడు. వెంటనే సింహముద్ర వేసిన ఇత్తడి డబ్బాలు చేయించాడు. లోపల తగరపు కళాయి పూస్తామని కంచరులు అంటే, తెల్లగా పాలిపోతుంది వద్దు, లోపలా బయటా బంగారంలా మెరవాలన్నాడు.

డబ్బాలు వెళ్ళిన మర్నాడే కోట నుంచి కబురు వచ్చింది. తిన్నవాళ్ళందరికీ వాంతులు. కత్తి పట్టే ఓపిక ఒక్కరికీ లేదు.

ఆ పులిహోర వండిన ముమ్మన్నను బంధించి తెచ్చారు. అదే గుండిగలోది తానూ తిన్నానని అతను మొరపెట్టుకున్నాడు. నిజమే, అతని ఇంటిల్లిపాదీ తిన్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. వైద్యుడు నీళ్ళను అనుమానించాడు. సేనాపతి శత్రువులను అనుమానించాడు. పురోహితుడు గ్రహాలన్నాడు. వింటున్నకొద్దీ రాజుకు తల తిరిగిపోయింది. ఏదీ తేలక, చివరికి వంటవాడికే మరణశిక్ష వేశాడు.

ఆస్థానంలో పెద్దిభట్టు అనే చమత్కారి ఉన్నాడు. రేపటిదాకా ఆగితే అసలు నేరస్థుణ్ణి పట్టి తెస్తానని అతను వేడుకున్నాడు. రాజు ఒప్పుకున్నాడు. పెద్దిభట్టు వైద్యుణ్ణి వెంటబెట్టుకుని నేరుగా వంటశాలకు వెళ్ళాడు.

మర్నాడు సభ నిండింది.

"దొరికాడు ప్రభూ," అన్నాడు పెద్దిభట్టు. "కానీ వాడి ఒంటి మీద తమ ముద్ర ఉంది. అలాంటివాణ్ణి శిక్షించవచ్చునా?"

 మంత్రి సింహముద్ర ఉన్న తన ఉంగరాన్ని ఉత్తరీయం కింద దాచుకున్నాడు. సేనాపతి నడుముకున్న ముద్రబిళ్ళను అరచేత్తో కప్పుకున్నాడు. రాజు ఏమీ పాలుపోక అందరి మొహాలూ మార్చి మార్చి చూశాడు.

"ఎవడైనా సరే, శిక్ష తప్పదు. ఇది నా మాట," అన్నాడు.

పెద్దిభట్టు సైగ చేశాడు. భటులు పెడరెక్కలు విరిచినట్టు తాళ్ళతో బిగించిన ఇత్తడి డబ్బానొకదాన్ని తెచ్చి సింహాసనం ముందు పెట్టారు. పక్కనే ఒక అరటాకు పొట్లం. రెండింటిలోనూ నిన్న ఒకే గుండిగలోంచి పులిహోర పెట్టారని, తాను దగ్గరుండి చూశానని వైద్యుడు చెప్పాడు.

పొట్లం విప్పితే ఇంగువ వాసన గుప్పుమంది. డబ్బా మూత తీస్తే అంచులంతా ఆకుపచ్చటి చిలుము, మెతుకులకు అదే రంగు. రాజు ముక్కు మూసుకున్నాడు.

"నా ముద్ర ఉండగా అన్నం ఎలా విషమైంది?" అన్నాడు, నిజంగానే అర్థంకాక.

"తమ ముద్రను చూస్తే శత్రువులు భయపడతారు ప్రభూ. చింతపండు భయపడదు."

 రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. మెడలోని హారం తీసి పెద్దిభట్టు మెడలో వేశాడు. ఆకు పొట్లాన్ని దగ్గరకు లాక్కుని, సభ చూస్తుండగానే తినడం మొదలుపెట్టాడు.

ముమ్మన్నను విడిచిపెట్టారు. తనను ఎందుకు పట్టుకున్నారో, ఎందుకు వదిలేశారో అతనికి ఎంతకూ అంతుపట్టలేదు. కోటలో వాళ్ళు ఇంకా నీరసంగా ఉన్నారని ఎవరో అంటే, పోయి వాళ్ళకు జావ కాయడానికి పొయ్యి రాజేశాడు.