నూకయ్య కట్టిన మోపు

చెప్పేవాడికి గొంతూ, వినేవాడికి ఓపికా ఉన్నన్నాళ్ళూ చెప్పుకోవాల్సిన మాట ఒకటుంది. కాళ్ళు చాపుకుని కూర్చోండి, తొందరేం లేదు.

అనగనగా ఒక కాలువ. కాలువ దాటితే ఒక లోయ. లోయ దాటితే ఒక కొండ. ఆ కొండ మీద వారానికోసారి సంత. ఎప్పటి మాటంటారా? మన వైపు సైకిళ్ళు కొత్తగా వచ్చిన రోజులు. మా మామ్మకి పళ్ళున్న రోజులు. అంతకుమించి నన్నడక్కండి.

కాలువ ఒడ్డున నూకయ్య అని ఒక ఉప్పు అమ్మేవాడు ఉండేవాడు. ముందూ వెనకా ఎవరూ లేనివాడు. ఉన్నదల్లా ఒక సైకిలు, ఒక కొబ్బరితాడు, ఒక చినిగిన తలగుడ్డ. సంత రోజు తెల్లారగానే మూడు బస్తాల ఉప్పు సైకిలుకి కట్టి బయల్దేరేవాడు. గట్టు మీద తొక్కుడు, లోయలో తోపుడు, కొండ మీద ఈడ్పుడు. వారం వారం అదే పని. గట్టు మీద తొక్కుడు, లోయలో తోపుడు, కొండ మీద ఈడ్పుడు.

కొండకి ఏడు మలుపులు. ఏడో మలుపు దాటాక పెద్ద నేరేడు చెట్టు, దాని మొదట్లో సన్నటి ఊట. పక్కనే అయిదు గుడిసెలు. ఆ గుడిసెలవాళ్ళకి పెద్దది బొజ్జమ్మ. ఎక్కి వచ్చిన ప్రతివాడికీ సొరకాయ బుర్రతో ఊటనీళ్ళు పట్టి ఇచ్చేది. నూకయ్య సైకిలు చెట్టుకి ఆనించి, బీడీ తీసి, వెలిగించుకునే లోపు బుర్ర నిండిపోయేది. అంత జోరు ఆ ఊటకి.

ఎక్కడం కష్టమే గాని ఎక్కడంలో ఎవరూ చావరు. దిగడంలోనే ఉంది గండం. సంతలో చింతపండూ, కుంకుడుకాయలూ, అడ్డాకులూ కట్టుకుని దిగాలి. ఆ బరువుకి సైకిలు మన మాట వింటుందా? మూడో మలుపుకే బ్రేకుల రబ్బరు కమురు వాసన కొట్టేది. ఆరో మలుపులో లోయ నోరు తెరుచుకుని ఉండేది.

నూకయ్యకే ఒకనాడు ఒక ఉపాయం తట్టింది. నేరేడు కొమ్మ ఒకటి, ఆకులతో సహా, నరికి తాడుతో సైకిలు వెనక కట్టాడు. కొమ్మ నేలని పట్టుకుని వెనక్కి లాగింది. సైకిలు పెళ్ళివారి ఎద్దులబండిలా నెమ్మదిగా దిగింది. కింద కొమ్మ విప్పి పక్కన పడేసి, హాయిగా తొక్కుకుంటూ ఇంటికి పోయాడు.

మంచి ఉపాయం దాచుకునే రకం కాదు నూకయ్య. సైకిళ్ళ మీద సంతకొచ్చే మిగతా ఆరుగురికీ నేర్పాడు. ఇంకేముంది! వారం వారం ఏడు సైకిళ్ళు, ఏడు కొమ్మలు. కొండ కింద ఎండుకొమ్మలు కుప్పపడ్డాయి. కొండ మీద నేరేడు చెట్టుకి నీడ తరిగింది.

ఒక వేసవిలో నూకయ్య బీడీ వెలిగించాడు. బుర్ర సగమే నిండింది. ఏదోలే అనుకున్నాడు. మరుసటి వేసవిలో బీడీ మొత్తం కాలితేగాని బుర్ర నిండలేదు. ఎండలు మండుతున్నాయిగా అనుకున్నాడు. ఆ పై వేసవిలో మూడు బీడీలు కాలిపోయాయి, బుర్ర నిండలేదు. నాలుగోది తీయడానికి చెయ్యి రాలేదు.

గుడిసెల ముందు కుండలూ చాపలూ మూటలు కట్టి ఉన్నాయి.

"ఏటి మామ్మా, ఈ మూటలు?" అన్నాడు.

"ఎల్లిపోతన్నాం నాయనా. తెల్లారి కూకుంటే పొద్దెక్కేసరికి ఒక్క కుండ. అయిదిళ్ళోళ్ళం ఏటి తాగుతాం? ఈ ఊట దగ్గరే పుట్టాను. ఈడే పోతాననుకున్నాను."

"ఎందుకిలా అయిపోయింది?"

బొజ్జమ్మ తల పైకెత్తింది. నూకయ్య కూడా ఎత్తాడు. ఆకుల మధ్య నుంచి చుక్క ఆకాశం కనపడని చెట్టు అది. ఇప్పుడు నాలుగు కొమ్మలు, మిగతాదంతా ఆకాశం. ఎండ నేరుగా ఊట మీద పడుతోంది. నరికిన మొదటి చోటు అతనికి గుర్తే, తన కత్తి గాటే అది. ఇచ్చిన నీళ్ళు తాగుతూ, నీడిచ్చిన చెట్టునే నరుక్కుపోయాడు.

"మామ్మా, మూడు వానాకాలాలు ఆగండి," అన్నాడు.

"ఆగితే ఏటవుద్ది?"

"ఏటవుద్దో నాకూ తెలీదు. చెట్టు మీద మాత్రం కత్తి పడదు."

బొజ్జమ్మ ఆఖరికి ఒక మూట విప్పి చాప పరిచింది.

నూకయ్య సంతలోకి పోయి ఆరుగురినీ నిలబెట్టి చెప్పాడు. ఎండుచేపలమ్మే గవర్రాజు నవ్వాడు. నోరు పెద్దది, మనసు చెడ్డది కాదు.

"కొమ్మ కట్టమని నేర్పింది నువ్వే, కొట్టొద్దంటున్నదీ నువ్వే. మరి దిగడం ఎలాగయ్యా? గాల్లో ఎగరమంటావా?"

"కొమ్మలు నేను తెత్తాను."

"ఎక్కణ్ణించి?"

"కింద పడేసిన కుప్ప లేదూ? అందులోంచి."

"తా దూర సందు లేదు, మెడకో డోలని! ఉప్పుతోనే ఈడ్వలేక చత్తన్నావు, పైగా కొమ్మలా!"

అందరూ నవ్వారు. నూకయ్యా నవ్వాడు. కాని ఆ రోజు తన సైకిలు చేత్తో పట్టుకుని, ఏడు మలుపులూ నడిచి దిగాడు.

మరుసటి వారం మూడు బస్తాలకి బదులు రెండే కట్టాడు. మూడో బస్తా చోట ఏడు ఎండుకొమ్మలు, కొబ్బరితాడుతో మోపు కట్టి. గట్టు మీద తొక్కుడు, లోయలో తోపుడు, కొండ కింద కుప్ప దగ్గర మోపు కట్టుడు, కొండ మీద ఈడ్పుడు. పాట కొంచెం పెరిగింది. ఎండుకొమ్మ తేలిక, నేలని పట్టదు. అందుకని ఒక్కోదానికి రెండేసి రాళ్ళు కట్టాడు. కొండ మీద రాళ్ళకి కరువా! దిగాక రాళ్ళు విప్పి దారి పక్కన వరసగా పేర్చేవాడు.

మనుషులు చిత్రమైనవాళ్ళు. మొదటి వారం వేళాకోళం చేశారు. రెండో వారం ఊరుకున్నారు. మూడో వారానికి అలవాటు పడిపోయారు. కొమ్మలు చెట్టుకి ఆనించి ఉంటాయి, తీసి కట్టుకుంటారు, దిగిపోతారు. ఎవరు తెచ్చారని అడిగేవాడు లేడు. గాలి ఎవరు విసురుతున్నారని అడుగుతామా?

ఒక వానాకాలం పోయింది. చెట్టు చిగిర్చింది. రెండో వానాకాలం పోయింది. కొమ్మలు సాగాయి. మూడో వానాకాలం వచ్చింది, నూకయ్యకి దగ్గు పట్టుకుంది. అయినా మానలేదు. ఊట దగ్గర కూర్చుని బీడీ తీసేవాడు గాని వెలిగించేవాడు కాదు.

"ఎలగించుకోవేం నాయనా?" అనేది బొజ్జమ్మ.

"బుర్ర నిండేది చూడాలి గదా మామ్మా, పొగ అడ్డమొత్తది," అనేవాడు.

ఆ వానలు వెనకపట్టాక ఒక మధ్యాహ్నం కాలువ ఒడ్డున తన గుడిసెలో పడుకున్న నూకయ్య లేవలేదు. అంతే. పెద్ద జబ్బూ లేదు, పెద్ద బాధా లేదు. ఇరుగుపొరుగువాళ్ళు నలుగురూ కలిసి సాగనంపారు. ఆ కబురు కొండెక్కడానికి తీరిక లేకపోయింది.

సంత రోజు వచ్చింది. ఆరు సైకిళ్ళు కొండెక్కాయి. సరుకు అమ్మారు, సరుకు కట్టారు, చెట్టు దగ్గరికి వచ్చారు. కొమ్మల్లేవు.

"నూకయ్య ఏడీ?" అన్నారొకరు.

"ఇవాళ రాలేదు," అన్నారు ఇంకొకరు.

"మొన్న పోయాడట్రా," అన్నాడు మూడోవాడు, కాలువ వైపు నుంచి వచ్చినవాడు. అప్పటిదాకా చెప్పాలని తోచలేదట వాడికి.

ఆరుగురూ ఖాళీ చోటు వైపు చూస్తూ నిలబడ్డారు. మూడేళ్ళుగా తమని ప్రాణాలతో కిందికి దించినవాడు ఎవరో అప్పుడు తెలిసింది.

తెలిసినా దిగాలిగా! పొద్దు వాలుతోంది, బరువు చూస్తే కొండంత. గవర్రాజు కత్తి తీసి నేరేడు చెట్టు కిందికి వెళ్ళాడు. చెట్టు గుబురుగా ఉంది. చెయ్యెత్తితే అందే కొమ్మ.

బొజ్జమ్మ అరవలేదు. అడ్డం పడలేదు. కళ్ళు తుడుచుకుని బుర్ర ఊట కింద పెట్టింది. గవర్రాజు కొమ్మ వంచాడు. వంచిన కొమ్మ మీద కత్తి ఆనించేలోపే ఆమె నిండిన బుర్ర పట్టుకుని నిలబడి ఉంది.

"తాగి కొట్టు నాయనా," అంది. "ఇది నిండేది సూడాలనే ఆడు మూడేళ్ళు బీడీ ఎలిగించుకోలేదు."

గవర్రాజు తాగాడు. నీళ్ళు చల్లగా ఉన్నాయి. సగం తాగేసరికి అతని పెద్ద నోటి నుంచి ఏడుపు తప్ప ఇంకేం రాలేదు. కత్తి మొలలో దోపుకున్నాడు.

ఆరుగురూ సైకిళ్ళు పట్టుకుని నడిచి దిగారు. ఒకరి సైకిలు జారితే ఇద్దరు పట్టుకున్నారు. అరచేతులు బొబ్బలెక్కాయి. కొండ కింద నూకయ్య పేర్చిన రాళ్ళ మీద కూలబడ్డారు. అవి అప్పటికే ఒక అరుగంత అయ్యాయి.

అరుగు పక్కన కుప్ప. కుప్ప మీద ఒక మోపు ఉంది, కొబ్బరితాడుతో గట్టిగా కట్టి. గవర్రాజు వేళ్ళతో లెక్కపెట్టాడు. ఏడు కొమ్మలు. వచ్చే సంతకని పోయిన సంత నాడే కట్టిపెట్టుకుని పోయాడు నూకయ్య.

మరుసటి వారం ఆ మోపు కొండెక్కింది, గవర్రాజు సైకిలు మీద. ఎండుచేపల బుట్ట ఒకటి ఇంట్లోనే ఉండిపోయింది.

ఇప్పుడు ఆ కొండకి నున్నటి రోడ్డు పడింది. దేశదేశాల నుంచి గేర్ల సైకిళ్ళ మీద కుర్రకారు వస్తారు. గట్టు మీద తొక్కుతారు, లోయలో తొక్కుతారు, కొండ మీదా తొక్కుతారు, రోజులు మారాయి మరి. అయినా కొండ కింద రాళ్ళ అరుగు దగ్గర ఆగుతారు. ఒక ఎండుపుల్ల తీసి సైకిలుకి కట్టుకుని ఎక్కుతారు. పైన నేరేడు చెట్టుకి ఆనించి, బుర్రతో నీళ్ళు తాగుతారు. ఆ వైపు ఏ పనైనా చప్పున అయిపోతే "బీడీ వెలిగించుకునేలోపు" అంటారు, బీడీ ముట్టనివాళ్ళు కూడా.

కొత్తగా వచ్చినవాడు ఎవడో ఒకడు అడుగుతూనే ఉంటాడు: "నా సైకిలుకి మంచి బ్రేకులున్నాయి గదమ్మా, నాకెందుకు కొమ్మ?"

ఇప్పుడు నీళ్ళు పట్టేది బొజ్జమ్మ మునిమనవరాలు. బుర్ర అందిస్తూ చెబుతుంది.

"నీకని ఎవరన్నారు బాబూ? నీ ఎనకాల వచ్చేవోడికి."