వంతెన మీద అరుగు

లోకనాథానికి కంటినిండా నిద్ర లేక ఏడాదయింది. కళ్ళు మూస్తే చాలు, ఎర్రటి తోలు సంచీ ఒకటి ఊగుతూ వచ్చేది.

కిందటేడు ప్రదర్శనలో అతని దీపస్తంభాన్ని పడగొట్టింది ఆ సంచీయే. దీపస్తంభమంటే ఏదో అనుకునేరు. పిల్లలు ఆడుకునే బుడిపెల ప్లాస్టిక్ ఇటుకలతో, గోరంత గోరంత ముక్కలతో, ఏడడుగుల ఎత్తు. విశాఖపట్నంలో అంతకుముందు అలాంటిది ఎవరూ కట్టలేదు, ఇకముందు కట్టబోరు. దాని దీపం వెలిగించిన రోజు సముద్రంలో రెండు ఓడలు దారి మార్చుకున్నాయని హార్బరులో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఎవరో ఒకావిడ దగ్గరగా చూద్దామని వంగింది. భుజం మీది సంచీ జారింది. తొమ్మిది వేల ఇటుకలు హాలంతా వానలా కురిశాయి.

"అయ్యో, సారీ అండీ," అంది ఆవిడ. "పిల్లల బొమ్మలే కదా, మళ్ళీ కట్టుకోవచ్చు."

అవి ఏరుకునేసరికి సాయంత్రమైంది. ఆఖరి ఇటుక డబ్బాలో పడేస్తూ లోకనాథం గురువుని అడిగాడు.

"ఉస్తాద్, పడిపోకుండా కట్టడం ఎలాగ?"

జిలానీ ఉస్తాద్ జేబు తడుముకున్నాడు. ఎగిరొచ్చి తన చొక్కా జేబులో పడ్డ ఇటుక ఒకటి తీసి అతని అరచేతిలో పెట్టాడు. అంతే.

జిలానీ ఉస్తాద్ సంగతి చెప్పాలి. ముప్పై ఆరేళ్ళు ఓడలు కట్టే యార్డులో వెల్డరు. ఆయన అతికించిన ఇనుప రేకుల్ని విడదియ్యాలని ఒకసారి తుపాను వచ్చి, మూడు రోజులు ప్రయత్నించి, సిగ్గుపడి ఒడిశా వైపు వెళ్ళిపోయింది. అలాంటి చేతులు రిటైరయ్యాక బుడిపెల ఇటుకలు పట్టాయి. కళ్ళకు గంతలు కట్టుకుని ఏనుగుని కట్టేవాడు. పక్క గదిలో ఇటుక కింద పడితే, చప్పుడు విని, అది ఎన్ని బుడిపెలదో చెప్పేవాడు. రంగు కూడా చెప్పేవాడంటారు.

ఆయన చుట్టూ ఆదివారం ఆదివారం పదిమంది చేరేవారు. కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం మీది గదిలో చాప పరిచి, దాని మీద ఇటుకలన్నీ కుప్ప పోసి, ఎవరికి కావలసింది వాళ్ళు ఏరుకునేవారు. ఇవి నీవి, ఇవి నావి అని లేదు. అందరూ నలభై దాటినవాళ్ళే. ఒక హోమియో డాక్టరు, ఒక వకీలు, హార్బరులో చేపల వేలంపాట పాడే నూకరత్నం. లోకనాథం పళ్ళసెట్లు చేసే ల్యాబులో టెక్నీషియను. ఆరు రోజులూ ఎవరెవరి దవడల కొలతలకో తల వంచి పనిచేసేవాడు. ఏడో రోజున తన కొలత తనే వేసుకునేవాడు. ఆ నాలుగు గంటలే అతనికి వారమంటే.

అక్కడ నియమం ఒక్కటే. జిగురు వాడకూడదు.

ఎందుకని వకీలు ఒకసారి అడిగితే ఉస్తాద్ అన్నాడు. "ముప్పై ఆరేళ్ళు ఊడిరాకుండా అతికించాను. చాలదా?"

నియమంతో పాటు ఒక అలవాటు కూడా ఉంది. దాని పేరు 'చూసినవాడి ఇటుక'. ప్రదర్శనకి వచ్చినవాళ్ళలో ఎవరైనా, ఇదిగో ఇక్కడ ఇలా ఉండదు అని నిజం పట్టుకుంటే, కట్టినవాళ్ళు అక్కడికక్కడే ఆ చోట ఇటుక ఊడదీసి వాళ్ళ చేతికివ్వాలి. వాళ్ళే సరిచెయ్యాలి. నూకరత్నం కట్టిన పీతకి పెద్ద డెక్క ఏ వైపుండాలో ఒక ముసలి జాలరి అలాగే మార్చివెళ్ళాడు. ఆవిడ దాన్ని పతకంలా చెప్పుకునేది.

ఈ ఏడు లోకనాథం అరకు వెళ్ళే ఘాట్ రైలు కట్టాడు. మూడు సొరంగాలు, రెండు వంతెనలు, నడుమ చిన్న స్టేషను, మీట నొక్కితే తిరిగే బండి. పదకొండు నెలలు. ఇరవై రెండు వేల ఇటుకలు. ఒక్కో ఇటుకా పెట్టేటప్పుడు ఊపిరి పీల్చడం మానేసేవాడు. అలా మానేసిన ఊపిరంతా పోగేస్తే ఓడ తెరచాపకి సరిపోయేది.

అంతా అయ్యాక ఎర్ర సంచీ మళ్ళీ కలలోకొచ్చింది. ఈసారి రెండు చేతులా రెండు సంచీలు.

మర్నాడు అతను ల్యాబు నుంచి జిగురు తెచ్చాడు. విరిగిన పళ్ళసెట్లు అతికించేది. ఆ జిగురు పెట్టిన సెట్టుతో ఒక పెద్దాయన కొబ్బరికాయ వలిచాడు. నాలుగు రోజులు తలుపేసుకుని, సూదిమొనతో బొట్టు బొట్టుగా, సొరంగాలకీ వంతెనలకీ స్టేషనుకీ ప్రతి కీలులోనూ పెట్టాడు. బండిని మాత్రం వదిలేశాడు, బరువెక్కితే ఎత్తు ఎక్కలేదని. చూసినవాడి ఇటుక గుర్తొచ్చి, స్టేషను కప్పు మీద ఒక్కటంటే ఒక్క ఇటుక అంటించకుండా ఉంచాడు. ఎవరైనా అడిగితే అది తీసిస్తే సరి.

అంటించాక భయం తగ్గాలి కదా. రెట్టింపైంది. ఇప్పుడు పడిపోతుందని భయం లేదు, తెలిసిపోతుందని భయం. రెండేళ్ళ కింద ఒక లెక్చరరు జిగురు వాడితే ఉస్తాద్ పల్లెత్తు మాట అనలేదు. ఆ మనిషే ఆయన ఎదుట చాప మీద కూర్చోలేక రావడం మానేశాడు. ఆదివారం పోతే తనకి మిగిలేది దవడలే.

ప్రదర్శన రోజు పొద్దున్నే వచ్చి బల్ల చుట్టూ తాడు కట్టాడు. హాలు మొత్తంలో తాడున్న బల్ల అదొక్కటే. జిగురు వాసన పోయిందో లేదోనని నాలుగు అగరొత్తులు వెలిగించాడు.

"ఏటయ్యా లోకనాథం!" నూకరత్నం కేకేసింది. ఆవిడ మామూలుగా మాట్లాడితేనే భీమిలి దాకా వినపడుతుంది. "బండికి పూజా, బండికింద పడ్డోళ్ళకి పూజా?"

"శుభమని, నూకరత్నంగారూ."

"మరి తాడెందుకు? దూడని కట్టీడానికా?"

అందరూ నవ్వారు. లోకనాథం కూడా నవ్వబోయాడు. పెదాలు కదిలాయి, నవ్వు రాలేదు.

జిలానీ ఉస్తాద్ వచ్చాడు. తాడు అవతలే నిలబడి చాలాసేపు చూశాడు. కీళ్ళ దగ్గర ఇటుకల మీద బూడిదలా సన్నటి తెలుపు పట్టి ఉంది. ఆ జిగురు ఆరితే అలాగే పూస్తుంది.

"ఈ తెలుపేంటి?"

లోకనాథం దానికి అడ్డంగా జరిగాడు. "కొండమంచు ఉస్తాద్. ఘాట్‌లో పొద్దుటిపూట ఉంటుందిగా."

"ఊఁ," అన్నాడు ఉస్తాద్. "ఎండొస్తే పోతుందిలే." తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

పదింటికి జనం వచ్చారు. జనమంటే జనం కాదు, హాలు గోడలు రెండడుగులు వెనక్కి జరిగాయి. లోకనాథం రెండు చేతులూ చాచి బల్లకి కాపలా నిలబడ్డాడు. ఎవరి భుజానికి సంచీ ఉందా అని చూసుకోవడమే తప్ప ఎవరి మొహమూ చూడలేదు. "బాగుందండీ" అంటే "కాస్త దూరం", "ఎంత కాలం పట్టిందండీ" అంటే "కాస్త దూరం". 

పదకొండు దాటాక ఒక ముసలాయన వచ్చాడు. సన్నటి మనిషి, చెయ్యి కర్రలా గట్టిగా ఉంది. తాడు అవతలే చేతులు వెనక్కి కట్టుకుని వంగాడు. బండి రెండు చుట్లు తిరిగి స్టేషనులో ఆగేదాకా కదల్లేదు.

"సొరంగం నోరు అచ్చంగా ఇలాగే ఉంటది బాబూ," అన్నాడు. "నల్లగా, చెమ్మగా. నా పేరు కొర్రా గెన్ను. ఆ లైన్లో పంతొమ్మిదేళ్ళు కీమన్‌గా చేసినాను. రోజూ సుత్తి బుజానేసుకుని పట్టాల ఎంట నడిసేవోణ్ణి. పట్టా బిగించే కీలు వదులైతే కొట్టుకుంటా."

"సంతోషం తాతా."

"పెద్ద వంతెన మీద మేం నిలబడే చోటేదీ?"

"ఏ చోటు?"

"వంతెన మధ్యలో ఉండగా బండి వచ్చీసిందనుకో. ముందుకు పరిగెట్టలేం, ఎనక్కి రాలేం. పక్కకి, కంచె తీసి, ఇంత అరుగు కడతారు. దాని మీదెక్కి ఊపిరి బిగబట్టుకుంటాం. నువ్వు కంచె కట్టినావు, అరుగు కట్టలేదు."

నూకరత్నం చెవులకి ఈ మాట చాలు. "చూసినవాడి ఇటుక!" అని పాట ఎత్తుకుంది. "తాతకి పడింది, చూసినవాడి ఇటుక! ఈ ఏటికి మొదటిది!"

నాలుగు బల్లల వాళ్ళు గుమిగూడారు. లోకనాథం గబగబా స్టేషను కప్పు మీది ఇటుక తీసి చాచాడు.

"ఇదిగో తాతా, మీ ఇటుక."

గెన్ను దాన్ని చూశాడు, వంతెనని చూశాడు. "స్టేషను కప్పెక్కి నేనేటి చేస్తాను బాబూ?"

హాలు గొల్లుమంది. జనం రెండు పాయలుగా విడి దారిచ్చారు. జిలానీ ఉస్తాద్ వచ్చాడు.

ఆయన తాడు పైకెత్తి లోపలికి దూరాడు. తన బల్ల మీంచి తెచ్చిన బొటనవేలంత బొమ్మ మనిషిని జేబులోంచి తీశాడు. నారింజ చొక్కా, చేతిలో సుత్తి. దాన్ని పెద్ద వంతెన నట్టనడుమ పట్టాల మీద నిలబెట్టాడు. స్టేషనులో ఆగి ఉన్న బండి మీట నొక్కాడు.

బండి కదిలింది.

లోకనాథం చెయ్యి చాచి బొమ్మని ఎత్తబోయాడు. ఉస్తాద్ ఆ చేతిని మెల్లిగా పట్టుకున్నాడు.

"తియ్యకు. వాడు డ్యూటీలో ఉన్నాడు. పక్కకి జరుపు."

బండి మొదటి సొరంగంలో దూరింది. లోకనాథం వంతెన కంచె పట్టుకుని లాగాడు. రాలేదు. గోళ్ళతో లాగాడు. కొబ్బరికాయ వలిచిన జిగురది, గోళ్ళకి లొంగుతుందా? బండి సొరంగం దాటి చిన్న వంతెన ఎక్కింది. రెండో కంచె లాగాడు. గోరు చీలింది. పట్టాల పక్కన చీమ నిలబడేంత జాగా కూడా లేదు. అంత చక్కగా, అంత బిగువుగా కట్టాడు మరి.

బండి రెండో సొరంగంలోకి వెళ్ళింది. దాని చప్పుడు లోపల్నుంచి వస్తోంది.

గెన్ను గొంతు వినపడింది, చాలా మెల్లిగా. "పోతాడు బాబూ."

అది బొమ్మ అని లోకనాథానికి గుర్తు లేదు. సొరంగం నోట్లో ఇంజను మొహం కనపడగానే బొమ్మకి అడ్డంగా తన అరచెయ్యి పెట్టేశాడు.

ఇంజను వచ్చి చేతికి గుద్దుకుంది. పట్టాలు తప్పింది. వెనకున్న ఆరు పెట్టెలూ ఒకదాన్నొకటి లాక్కుంటూ వంతెన మీంచి లోయలోకి, లోయలోంచి నేల మీదికి పడ్డాయి. బండి ముక్కలైంది. ఎర్రవీ నీలివీ ఇటుకలు బల్లల కిందికి దొర్లుకుంటూ పోయాయి.

వంతెన మాత్రం చెక్కు చెదరలేదు.

"బతికినాడు," అని ఊపిరి వదిలాడు గెన్ను. తాడు దాటి వచ్చి లోకనాథం అరచెయ్యి తిప్పి చూశాడు. "దెబ్బ తగిలిందా బాబూ?"

ఆ మాటకి లోకనాథం కళ్ళు నిండాయి. "ఊడదు తాతా," అన్నాడు. హాలంతా వింటోంది. "అంటించేశాను. మొత్తం."

నూకరత్నం గాలి పీల్చి చూసింది. "అందుకా అగరొత్తులు!" అంది, తన లెక్కన చాలా నెమ్మదిగా.

లోకనాథం తన పనిముట్ల సంచీలోంచి పళ్ళసెట్ల తీగలు కత్తిరించే పట్టకారు తీశాడు. వంతెన కంచెని దాని నోట్లో పెట్టాడు. నొక్కాడు. ఫెళ్ళుమని విరిగింది. పదకొండు నెలల పనిలో తెల్లటి గాటు పడింది. రెండోసారి నొక్కాడు. అడుగు భాగం కూడా ఇంత ముక్క వచ్చింది. బుడిపెలు బయటపడ్డాయి.

నేల మీద పడ్డ వాటిలోంచి ఒక బూడిదరంగు పలక ఏరి గెన్ను చేతికిచ్చాడు. ముసలాయన దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, ఎలా పెట్టాలో తెలియక, ఉస్తాద్ కేసి చూశాడు. ఉస్తాద్ బుడిపెలు చూపించాడు. టక్కుమని కూర్చుంది. ఆ చప్పుడుకి గెన్ను మొహం వికసించింది. దాని మీద బొమ్మని నిలబెట్టాడు.

లోకనాథం బొమ్మని లోయవైపు తిప్పబోయాడు.

"అటు కాదు," అన్నాడు గెన్ను. "మొహం బండికేసి ఉండాల. అది వెళ్ళిపోయేదాకా దాన్నే చూస్తాం."

జనం మెల్లగా సర్దుకున్నారు. లోకనాథం పట్టకారు జేబులో పెట్టి గురువు ముందుకొచ్చాడు.

"ఉస్తాద్, వచ్చే ఆదివారం... నేను..."



జిలానీ ఉస్తాద్ మోకాళ్ళు పట్టుకుని కిందికి వంగాడు. బల్ల కింద పడ్డ బండి ఇటుకల్లో ఒకటి తీసి, ఊది, అతని అరచేతిలో పెట్టాడు.

"ముందు ఇంజను కట్టు. తాత నిలబడి ఉన్నాడు."

లోకనాథం నేల మీదే కూర్చుని ఇంజను కట్టాడు. పక్కన గెన్ను కూర్చుని చక్రాలు అందించాడు. పావుగంటలో బండి తయారై, రెండు పెట్టెలతోనే కదిలింది. వంతెన మీదికొచ్చి, అరుగు మీది మనిషిని ఒరుసుకుంటూ వెళ్ళింది. బొమ్మ కదల్లేదు. గెన్ను చప్పట్లు కొట్టలేదు, బండి మూడో సొరంగంలోకి పోయేదాకా చూశాడు.

అప్పుడు లోకనాథం తలెత్తితే, తాడు అవతల ఇంకెవరో ఒకావిడ నిలబడి ఉంది. భుజాన తోలు సంచీ. కిందటేటిది కాదు, దానికంటే పెద్దది. దాంట్లో చిన్న సంసారం పడుతుంది.

"ఆ మనిషి దేనిమీద నిల్చున్నాడండీ?" అని వంగిందావిడ. "ఇక్కణ్ణుంచి కనపడటం లేదు."

లోకనాథం చేతులు వాటంతటవే చాచుకోబోయాయి. ఆ చేతులతోనే తాడు ముడి విప్పాడు.

"దగ్గరికి రండమ్మా," అన్నాడు. "ఇంకొంచెం."