కొండెక్కాల్సిన ఇంజను

కొండ కింద సంతబయలు అనే ఊళ్ళో, చప్పుడు ఎంత పెద్దదైతే బలం అంత ఎక్కువని నమ్మే గౌరినాయుడు అనే డ్రైవరు ఉండేవాడు.

అతనికి ఒక చిన్న టర్బో కారు ఉండేది. టర్బో అంటే పెద్ద మాయేమీ కాదు. ఇంజను బయటికి వదిలేసిన పొగే ఒక బుల్లి చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం ఇంజనుకి ఇంకొంచెం గాలి తాగిస్తుంది. మేం చదువుకునే రోజుల్లో మాస్టారొకాయన దీన్ని 'వదిలేసిన ఊపిరితో మళ్ళీ బతకడం' అనేవారు. ఆయన చెప్పిన పాఠాలన్నిట్లో నాకు మిగిలింది ఆ ఒక్క మాటే. సరే, కథలోకి వద్దాం.

ప్రతి బుధవారం గౌరినాయుడు నర్సు దమయంతిని, టీకాల పెట్టెని కారులో ఎక్కించుకుని, ఘాట్ రోడ్డు మీదుగా కొండ మీది మినుములగొంది అనే ఊరి దాకా తీసుకెళ్ళేవాడు. ముప్ఫై రెండు మలుపులు. పొద్దున్నే మబ్బు దిగివచ్చి దారి మీద కూర్చునేది. రోడ్డు కనిపించేది కాదు, లోయా కనిపించేది కాదు. కారు పాలలో తేలుతున్నట్టు వెళ్ళేది. టర్బో మాత్రం సన్నగా ఈల వేసేది. పైన తల్లులు ఆ ఈల విని, పిల్లల్ని చంకనేసుకుని బడి అరుగు మీదికి చేరేవాళ్ళు. వాళ్ళలో చాలామంది చుట్టుపక్కల గూడేల నుంచి రెండేసి గంటలు నడిచి పొద్దున్నే వచ్చినవాళ్ళు. మధ్యాహ్నం దాటితే ఉండలేరు. పొద్దు ఉండగానే వాగులు దాటి ఇళ్ళకి చేరాలి.

ఒక వానాకాలం ఇంజనులో నూనె కారిపోయింది. గౌరినాయుడు చూసుకోలేదు. ఇంజను పట్టేసి ఆగిపోయింది. కారుని ఆటోనగర్లో జిలానీ మేస్త్రీ షెడ్డుకి లాక్కెళ్ళాడు.

జిలానీ ఇంజను విప్పి చూశాడు. “లోపల ప్రాణం ఉంది నాయుడూ. కొత్త పిస్టన్లు వేసి, టర్బో బాగుచేస్తే మళ్ళీ నీ కొండ ఎక్కుతుంది. పది రోజులు పడుతుంది.”

“మళ్ళీ ఆ పిట్ట ఇంజనేనా మేస్త్రీ? ఈలేసుకుంటూ పోతుంటే సంతలో జనం నవ్వుతున్నారు!”

ఆ షెడ్డు వెనక, పాత బళ్ళ నుంచి తీసిన ఇంజన్లు ఇనప స్టాండ్ల మీద వరసగా ఉండేవి. కొనేవాడికి స్టార్టు చేసి వినిపించడం అక్కడి అలవాటు. గౌరినాయుడు వాటి మధ్య కలలో నడిచినట్టు నడిచాడు. ఒక పెద్ద జీపు ఇంజను దగ్గర ఆగాడు. జిలానీ దాన్ని స్టార్టు చేయగానే రేకుల కప్పు అదిరింది, పావురాలు లేచిపోయాయి. గౌరినాయుడు కళ్ళు మూసుకున్నాడు. తన కారు ఏనుగులా మబ్బుల్ని తోసుకుంటూ పోతున్నట్టు కనిపించింది.

“ఇదే! ఇదే పెట్టు!” అన్నాడు.

జిలానీ పొడుగాటి స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజనుకి ఆనించి, రెండో కొస చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. “మంచి ఇంజనే. నీ కారుకి మంచిది కాదు. నీ రేడియేటరు చిన్నది. దీని బరువు చూస్తే పాతదానికి రెట్టింపు.”

“చప్పుడు విన్నావా, లేదా?”

“విన్నా. స్టాండు మీద ఏ ఇంజనైనా పులే నాయుడూ. దానికి లాగేదేముంది, ఎక్కేదేముంది?”

“నువ్వు పెడతావా, పక్క షెడ్డుకి పొమ్మంటావా?”

“పెడతాను బాబూ, బండి కాగితాల్లో ఇంజను నంబరు మార్పించుకురా. పాతదాన్ని మాత్రం ఇనప సామానుకి వెయ్యను. ఆ మూల పడుంటుంది.”

కాగితాలు మారాయి, ఇంజనూ మారింది. తర్వాతి బుధవారం కారు గర్జిస్తూ బయల్దేరింది. సంతలో జనం తిరిగి చూశారు. గౌరినాయుడు మీసం సవరించుకున్నాడు. దమయంతి చెవుల్లో దూది పెట్టుకుంది.

“అన్నయ్యా, మనం వెళ్ళేది టీకాలు వెయ్యడానికేనా, యుద్ధానికా?”

“చూస్తూ ఉండమ్మా, అరగంటలో పైనుంటాం!”

తొమ్మిదో మలుపులో రేడియేటరు పొంగింది. ఆగారు. వాగు నీళ్ళు తెచ్చి పోశారు. మూడు మలుపులు ఎక్కగానే మళ్ళీ పొంగింది. బరువైన ముక్కు ప్రతి మలుపులోనూ లోయ వైపుకి లాగుతుంటే కారుని నత్తలా నడపాల్సి వచ్చింది. చుట్టూ తెల్లగా ఉంది. అందులో ఏది మబ్బో, ఏది తన కారు కక్కే ఆవిరో గౌరినాయుడికి తెలియలేదు.

పైకి చేరేసరికి పొద్దు వాలింది. అరుగు ఖాళీగా ఉంది. మూల ఒక పసివాడి టోపీ పడి ఉంది. ఆ ఊరి చిలకమ్మ ఒక్కతే బిడ్డని ఒళ్ళో వేసుకుని కూర్చుంది.

“మిగతావాళ్ళేరీ?” అంది దమయంతి.

“ఎలిపోనారమ్మా. ఇరవై ముగ్గురం కూకున్నాం. పొద్దుటేల నుంచి కింద చప్పుడు ఇనబడతానే ఉంది. ఇదిగో వచ్చేత్తన్నారు, అదిగో వచ్చేత్తన్నారు అనుకున్నాం.” ఆమె గౌరినాయుడి వైపు తిరిగి, కోపం లేకుండా అంది. “చప్పుడొచ్చింది గానీ బండి రానేదు బాబూ.”

గౌరినాయుడు ఆ మూలకి వెళ్ళాడు. టోపీ తీసి, దుమ్ము దులిపి, జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు గౌరినాయుడు జిలానీ షెడ్డులో తల వంచుకుని నిలబడ్డాడు. “మేస్త్రీ, ఆ పిట్టని లేపు.”

జిలానీ నవ్వలేదు. మూలనున్న ఇంజను మీది గోనెపట్టా తీశాడు.

బాగుచేసే పది రోజుల మధ్యలో వచ్చిన బుధవారం గౌరినాయుడు బస్సు వెళ్ళినంత దూరం బస్సులో వెళ్ళి, అక్కణ్ణుంచి టీకాల పెట్టె భుజానికి తగిలించుకుని దమయంతి వెంట కొండ ఎక్కాడు. ఏ మలుపు ఎంత నిటారో అతని మోకాళ్ళకి ఆ రోజే తెలిసింది.

పదో రోజున జిలానీ చిన్న ఇంజనుని స్టార్టు చేసి, దాని మీద టీ గ్లాసు పెట్టాడు. టీ మీద మీగడ కదల్లేదు.

ఆ తర్వాతి బుధవారం మబ్బులోంచి సన్నని ఈల పైకి వచ్చింది. ఈల వెనకే కారూ వచ్చింది. అరుగు నిండా తల్లులే. గౌరినాయుడు కిందటి వారం ఎవరిదో తేలని టోపీని జేబులోంచి తీసి, “ఇదెవరి బాబుదమ్మా?” అని ఒక్కొక్కరినీ అడుగుతూ వెళ్ళాడు. చివరి వరసలో ఒక పిల్లవాడు రెండు చేతులూ చాపాడు.

పిల్లలూ, బలాన్ని దాని చప్పుడు విని ఎంచుకోకూడదు. లాగాల్సిన బరువునీ, ఎక్కాల్సిన దారినీ, దారి చివర మనకోసం కూర్చున్నవాళ్ళనీ చూసి ఎంచుకోవాలి.