మొదటి నీటి చుక్క

త్రిలోచనరావు గారి ప్రయోగశాలలో ఒక ఆచారం ఉంది. ఎవరు ఏ పరీక్షకు ఫిల్మ్ అనే పల్చటి పొర తయారుచేసినా, దాని మీద పడే మొదటి చుక్క శుద్ధమైన నీరే కావాలి. చెప్పిందే చెప్పడం ఆయనకు ఎన్నడూ విసుగనిపించలేదు. వినేవాళ్ళకే విసుగు.

"నీళ్ళలో ఏముంటుంది సార్? ఏమీ లేనిదాన్ని పరీక్షించడం దేనికి?" అని ఒక ఉదయం శిష్యుడు లోకనాథం అడిగాడు. ఆ అడగడంలో కాస్త కోపం ఉంది. కోపానికి కారణమూ ఉంది.

లోకనాథానిది సముద్రపు ఒడ్డున ఒక పల్లె. అక్కడ కిడ్నీ జబ్బు తెలియని ఇల్లు లేదు. అతని అన్న దానితోనే పోయాడు, తెలిసేసరికే ఆలస్యమైపోయింది. జబ్బు మొదలైన రోజుల్లోనే మూత్రంలోకి జారే ప్రొటీన్ ఒకటుంది. దాన్ని పట్టుకునే ఫిల్మ్ చెయ్యాలని లోకనాథం నాలుగేళ్ళుగా పట్టుబట్టి కూర్చున్నాడు. పద్ధతి వినడానికి తేలికే. ఆ ప్రొటీన్‌ను ఒక ద్రవంలో కలిపి, బంగారు పూత ఉన్న చిన్న పలక మీద పల్చటి పొరగా గట్టిపడనివ్వాలి. తరువాత పొరలోంచి ప్రొటీన్‌ను కడిగెయ్యాలి. అది ఉన్నచోట దాని ఆకారంలోనే గుంటలు మిగులుతాయి. మళ్ళీ అదే ప్రొటీన్ ఎదురైతే వచ్చి ఆ గుంటల్లో కూర్చుంటుంది, కంప్యూటర్ తెర మీద గీత కిందికి దిగుతుంది.

అన్న సంవత్సరీకానికి వెళ్ళినప్పుడు వదిన నీలవేణి పాదాలు కాస్త వాచినట్టు కనిపించాయి అతనికి. ఆమె నమూనా తెచ్చాడు. రెండు రోజులు కడగవలసిన ఫిల్మ్‌ను ఒక్క పూటలో కడిగి, నీటి చుక్క మానేసి నమూనా చుక్కే వేశాడు. గీత దిగిపోయింది. ఉండబట్టలేక వెంటనే ఫోన్ చేసి, ఆమెకూ జబ్బు వచ్చిందని చెప్పేశాడు.

ఆ ఉదయం అతని ప్రశ్న విని గురువు గారు వాదించలేదు. అలాగే ఒక్క పూట కడిగిన ఇంకో ఫిల్మ్ తెమ్మన్నారు. తానే లేచి దాని మీద నీటి చుక్క వేశారు. గీత దిగింది. వదిన నమూనాకు ఎంత దిగిందో నీళ్ళకూ అంతే దిగింది. ప్రొటీన్ సరిగా కడుక్కుపోక గుంటలు ముందే నిండి ఉన్నాయి, అందుకే ఏ చుక్క పడినా గీత దిగుతోంది.

"మనం పోసింది అది చూడలేదోయ్. తనలో ఉన్నదే చెప్పుకుంది," అన్నారాయన.

లోకనాథం మళ్ళీ రెండు రోజులు కూర్చుని కొత్త ఫిల్మ్ కడిగాడు. ఊరికి మాత్రం ఫోన్ చెయ్యలేదు. మూడో రోజు నీటి చుక్కకు గీత కదల్లేదు. వదిన నమూనాను డ్రాపర్‌లోకి తీసుకుని, చుక్క వెయ్యకుండా ఆగాడు.

"వెయ్యక ముందే నాకు తెలుసు సార్. అన్నయ్య పాదాలూ ఇలాగే వాచాయి."

గురువు గారు అతని చేతిలోని డ్రాపర్ మెల్లగా తీసుకున్నారు. "ఫిల్మ్ కడగడం అయింది. ఇక నీ వంతు. కాసేపు బయటికి వెళ్ళి రా. ఆవిడతో మాట్లాడు."

వరండాలో నిలబడి ఫోన్ చేశాడు. "వదినా, తప్పైపోయింది. తొందరపడిపోనాను. నీకొచ్చిందో నేదో నాకింకా తెల్దు."



"తెల్దా బావూ? మూడ్రోజుల్నుంచి ముద్ద దిగట్నేదు. అయితే ఈపూట కూడు తింతాను."

తన నోటి మాట ఆమెను మూడు రోజులు పస్తు పెట్టిందని అప్పుడు తెలిసింది లోకనాథానికి. స్తంభానికి ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. తరువాత ముఖం కడుక్కుని లోపలికి వచ్చాడు.

"ఏం వస్తుందో నాకు తెలీదు సార్," అన్నాడు.

గురువు గారు డ్రాపర్ తిరిగి అతని చేతికిచ్చారు.

"ఇక వెయ్యి. ఇప్పుడు గీత ఏం చెప్పినా, అది ఆవిడ సంగతే."